కూర్చున్న చోటికి వచ్చే ఆదాయం... ఎవరి పేరున ఉంది?

ఉద్యోగం చేయకుండా, పింఛనుతోనో అద్దెలతోనో విదేశంలో ఉండనిచ్చే వీసాలున్నాయి. వాటికి డిగ్రీ అక్కర్లేదు. ఆదాయానికి కాగితం కావాలి. మరి ఆ కాగితం మీద ఇల్లాలి పేరుందా?

సదాశివనగర్ మండలంలో ఏ ఊళ్లోనైనా సరే, "ఫలానావాళ్లకు వీసా వచ్చిందట" అంటే వెంటనే అడిగే ప్రశ్న ఒకటే. "ఏం పని?"

వీసా అంటే పని. పని అంటే దుబాయో, మస్కటో, సౌదీయో. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెలకు ఇది నలభై యాభై ఏళ్లుగా తెలిసిన సంగతే. మగవాడు ఎడారికి వెళ్తాడు. ఆడది ఇంటి దగ్గర ఉండి పొలం చూస్తుంది, బీడీలు చుడుతుంది, పిల్లల్ని చదివిస్తుంది, అత్తమామల్ని సాకుతుంది. వీసా పేరు ఆయనది. ఎదురుచూపు ఆమెది.

ఇప్పుడు ఇంకో రకం వీసా మాట కూడా చెవిన పడుతోంది. పని చేయక్కర్లేదట. పింఛనో, అద్దెలో, బ్యాంకు మిత్తో ఉంటే చాలట. పోర్చుగల్ రమ్మంటుందట, థాయిలాండ్ రమ్మంటుందట. ఆ దుబాయే, మనవాళ్లు ఎండలో ఇటుకలు మోసిన దుబాయే, "మీరు హాయిగా వచ్చి కూర్చోండి" అంటుందట!

నిజమేనా? నిజమే. కానీ "అట" వెనక ఉన్న లెక్కలు తెలుసుకోకుండా ఆశపడితే చేతులు కాలతాయి. ముఖ్యంగా ఆడవాళ్లవి.

పని అడగని వీసా

ఈ వీసాల వెనకున్న ఆలోచన చాలా తేలిక. వచ్చే మనిషి తన డబ్బు తానే తెచ్చుకుంటుంది. అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుంటుంది, కూరగాయలు కొంటుంది, డాక్టరుకు ఫీజు కడుతుంది. అక్కడివాళ్ల ఉద్యోగానికి పోటీ రాదు. అలాంటి మనిషి ఉంటే ఆ దేశానికి నష్టమేముంది? అందుకని "నీకు బయటి నుంచి నెలనెలా ఇంత వస్తుందని చూపించు, ఉండు" అంటారు.

ఒక్కో దేశం లెక్క ఒక్కో రకం.

పోర్చుగల్‌లో దీన్ని డీ7 వీసా అంటారు. ఆ దేశపు కనీస వేతనమెంతో అంత ఆదాయం చూపాలి. 2025లో అది నెలకు 870 యూరోలు. ఏటా పెరుగుతూ ఉంటుంది. భార్యో భర్తో తోడుంటే అందులో సగం అదనం. పిల్లలుంటే తలకు 30 శాతం. మొదట రెండేళ్లకు కార్డు ఇస్తారు, తర్వాత మూడేళ్లకు పొడిగిస్తారు.

స్పెయిన్ ఇంకా గట్టిది. అక్కడ 2025లో ఒక మనిషికి నెలకు 2,400 యూరోలు చూపాలి. తోడు వచ్చే ప్రతి మనిషికీ ఇంకో 600. ఆ వీసా మీద అక్కడ ఏ పనీ చేయకూడదు.

థాయిలాండ్‌లో యాభై ఏళ్లు దాటినవాళ్లకు రిటైర్మెంటు వీసా ఉంది. బ్యాంకులో 8 లక్షల బాత్‌లు ఉండాలి, లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం ఉండాలి. బాత్ అంటే మన రెండున్నర రూపాయలకు కాస్త ఎక్కువనుకోండి. ఏటేటా పొడిగించుకోవాలి. తొంభై రోజులకోసారి "ఫలానా చోట ఉన్నాను" అని ఇమిగ్రేషన్ వాళ్లకు చెప్పుకోవాలి. అక్కడా పని నిషేధమే.

ఇక దుబాయ్. 2020 సెప్టెంబరులో అక్కడ రిటైర్మెంటు వీసా ప్రారంభించారు. వయసు 55 దాటాలి. నెలకు 20,000 దిర్హాముల ఆదాయమో, పది లక్షల దిర్హాముల పొదుపో, అక్కడ సొంత ఇల్లో చూపాలి. దుబాయ్ వరకు ఆదాయం షరతును తర్వాత 15,000కు తగ్గించారు. వీసా ఐదేళ్లకు ఇస్తారు.

మరి అమెరికా? మనవాళ్లు ముందు అడిగేది అదే కదా. అమెరికాలో ఇలాంటి వీసాయే లేదు. బిడ్డ పురిటికని వెళ్లే తల్లులు విజిటర్ వీసా మీద వెళ్లి, మామూలుగా ఆరు నెలల్లోపు తిరిగి రావలసిందే. కెనడాలో తల్లిదండ్రుల కోసం 2011లో సూపర్ వీసా పెట్టారు. 2022 నుంచి ఒక్క విడతలో ఐదేళ్ల దాకా ఉండనిస్తున్నారు. కానీ అక్కడ లెక్క చూసేది మన ఆదాయం కాదు, కొడుకుదో కూతురుదో.

ఇంకో మాట. ఈ షరతులు రాతి మీద చెక్కినవి కావు. మలేషియానే చూడండి. ఇలాంటి పథకం 2002 నుంచి నడుపుతూ, 2021లో ఒక్కసారిగా నెల ఆదాయం షరతును 10,000 రింగిట్ల నుంచి 40,000కు పెంచేసింది. ఆ తర్వాత 2024లో పద్ధతే మార్చింది. పదేళ్ల ముందు వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన మాట పట్టుకుని ఇవాళ బయల్దేరలేం.

మన లెక్క ఎంత దూరం వస్తుంది?

ఊరికే అనుకుందాం. హైవే పక్కన ఇల్లున్న రిటైర్డ్ టీచరు దంపతులు. ఆయన పింఛను 50,000. ఇంటి ముందు రెండు మడిగెలకు అద్దె 16,000. బ్యాంకు మిత్తి ఓ 9,000. మొత్తం 75,000. మన దగ్గర ఇది దర్జాగా బతికే ఆదాయమే. పెళ్లిళ్లకు చదివింపులు పోను ఇంకా మిగులుతుంది.

యూరో నూరు రూపాయలని లెక్క వేస్తే, పోర్చుగల్‌కు ఒక్క మనిషికి 87,000 కావాలి. దంపతులకైతే 1,30,500. స్పెయిన్‌కు దంపతులకు 3 లక్షలు. దుబాయ్‌కి దిర్హాము 23 రూపాయలన్నా నెలకు మూడున్నర లక్షలు. థాయిలాండ్‌కు నెలకు లక్షా డెబ్బై వేల దాకా, లేదా బ్యాంకులో ఇరవై ఒక్క లక్ష. అంటే మన టీచరు దంపతులకు అందేది థాయిలాండ్ ఒక్కటే. అదీ బ్యాంకు డబ్బు దారిలో.

బ్యాంకు మిత్తి మీదనే 87,000 రావాలంటే? ఏడు శాతం లెక్కన దాదాపు కోటిన్నర రూపాయలు డిపాజిట్ వేయాలి. హైవే వెంట భూమి అమ్మినవాళ్లు ఉన్నారు. వాళ్లకిది అసాధ్యమేం కాదు. అయితే ఆ చెక్కు ఎవరి ఖాతాలో పడింది?

ఉన్న ఆస్తి, లేని కాగితం

అసలు చిక్కు ఇక్కడుంది. మన ఊళ్లలో ఆస్తి ఉంటుంది, ఆదాయం కూడా ఉంటుంది. దానికి కాగితమే ఉండదు!

నాలుగెకరాలు కౌలుకిచ్చారనుకోండి. ఆ కౌలు నోటిమాట మీద నడుస్తుంది. పంట చేతికొచ్చాక డబ్బు చేతికిస్తారు. వ్యవసాయ ఆదాయం మీద ఇన్‌కం ట్యాక్స్ లేదు కాబట్టి రిటర్నులోనూ కనపడదు. కాన్సులేటు వాళ్ల దృష్టిలో ఆ నాలుగెకరాలు ఉన్నా లేనట్టే.

మిత్తికిచ్చిన డబ్బు? ప్రామిసరీ నోటు పెట్టెలో ఉంటుంది. మిత్తి నెలనెలా వస్తుందా అంటే... ఆ సంగతి ఇచ్చినవాళ్లకే తెలుసు. చిట్టీల డబ్బు ఒక్కసారి వచ్చి ఒక్కసారే పోతుంది. బంగారం బీరువాలో మెరుస్తుందే గానీ నెలకో రూపాయి తేదు.

కాన్సులేటు లెక్కలోకి వచ్చేవి వేరు. ప్రభుత్వ పింఛను మంజూరు ఉత్తర్వు. రిజిస్టరైన అద్దె ఒప్పందం, ఆ అద్దె బ్యాంకులో పడుతున్నట్టు పాసుబుక్కు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం. వరుసగా రెండు మూడేళ్ల ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు. నెలనెలా, ఒకే దారిలో, కనపడేలా వచ్చే డబ్బు.

పోస్టాఫీసు పథకాన్నే తీసుకోండి. 2025లో ఒక్కరి పేరున 9 లక్షల దాకా వేయొచ్చు, వడ్డీ 7.4 శాతం. అంటే నెలకు 5,550 రూపాయలు. అరవై దాటినవాళ్లకు సీనియర్ సిటిజన్ పథకం ఉంది. 30 లక్షల దాకా వేయొచ్చు. 8.2 శాతం వడ్డీ. మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది. విదేశం సంగతి దేవుడెరుగు, ఇది ఇక్కడుండగా కూడా పనికొచ్చే ఆదాయమే. ఒక్క జాగ్రత్త. ఎన్నారైలైపోయాక పోస్టాఫీసులో ఇలాంటి కొత్త ఖాతాలు తెరవనివ్వరు.

మరి ఈ మండలంలో నూటికి ఎందరో ఆడవాళ్ల పేరున కాగితం మీద ఉన్న స్థిరాదాయం ఎంత? జీవితమంతా బీడీలు చుట్టిన అమ్మకు పీఎఫ్ పింఛను. దాని కనీసం 2014 నుంచి నెలకు 1,000 రూపాయలు. లేదా ప్రభుత్వమిచ్చే బీడీ కార్మికుల భృతి, 2019లో 2,016 రూపాయలు చేసినది. వేళ్లు అరిగేలా పనిచేసినదానికి కాగితం చెప్పే విలువ అది. ఇక ఆమె దున్నించిన పొలం, కాపాడిన ఇల్లు ఎవరి పేరున ఉన్నాయో మీకే తెలుసు.

అసలు మనిషి, వెంట వచ్చే మనిషి

దంపతులు కలిసి వెళ్లేటప్పుడు దరఖాస్తులో ఒకరు అసలు మనిషి. ఇంకొకరు ఆధారపడ్డ మనిషి. ఆదాయం ఎవరి పేరునుంటే వాళ్లే అసలు మనిషి. నూటికి తొంభై ఇళ్లలో ఆమె రెండో గడిలో ఉంటుంది.

"ఆయనదైతేనేం, నాదైతేనేం? ఇద్దరం కలిసే కదా ఉండేది" అంటారా? మంచిమాటే. కానీ అరవై ఐదేళ్ల వయసులో పరదేశానికి వెళ్లి, అక్కడ ఆయనకేమైనా అయితే? పింఛను తగ్గిపోతుంది. ప్రభుత్వోద్యోగి భార్యకు వచ్చే ఫ్యామిలీ పింఛను సాధారణంగా చివరి మూలవేతనంలో 30 శాతమే. అద్దెలు ఆయన ఖాతాలో ఆగిపోతాయి. వీసా పునాదే ఆయన ఆదాయం. అది కదిలితే ఆమె అక్కడ ఉండే హక్కు కూడా కదులుతుంది. దుఃఖంలో ఉన్న మనిషి భాష రాని దేశంలో కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి.

గల్ఫ్‌లో ఇది కొత్త సంగతేం కాదు. అక్కడ భార్య నివాసం భర్త స్పాన్సర్‌షిప్ మీదే నడుస్తుంది. భర్త పోయినా, విడాకులైనా ఆమె వెంటనే దేశం విడవాల్సి వచ్చేది. 2018 అక్టోబరు నుంచి యూఏఈ ఇలాంటి స్త్రీలకూ వాళ్ల పిల్లలకూ ఏడాది గడువు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏడాది... అంతే.

కాబట్టి ముందే రెండు పేర్లు నిలబడేలా చూసుకోవాలి. మడిగెలు ఇద్దరి పేరునా ఉంటే అద్దె ఇద్దరిదీ అవుతుంది. డిపాజిట్ వేసేటప్పుడు "ఎవరైనా ఒకరు, లేదా బతికున్నవారు" అనే పద్ధతి అడగాలి. నామినీ పేరు రాయించాలి. నామినీ అంటే ఆస్తికి యజమాని కాదు, డబ్బు అందుకునే మనిషి మాత్రమే. అందుకే వీలునామా కూడా ఉండాలి. ఈ మాట ఎత్తితే "ఇప్పుడా మాటలెందుకు, అపశకునం" అని ఆడవాళ్లే నోరు మూయిస్తారు. మాట్లాడకపోవడమే అపశకునం!

పుట్టింటి సంగతి కూడా తలచుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా జన్మహక్కు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఆ హక్కిచ్చారు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నారా లేదా అన్నదానితో పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా "అన్నదమ్ములతో ఎందుకమ్మా పేచీ" అని సంతకం పెట్టి వచ్చేసే అక్కచెల్లెళ్లే ఎక్కువ. ఆ సంతకంతో ఆమె వదులుకునేది తన పేరున రాగల ఒకే ఒక స్థిరాదాయం.

భర్త తన డబ్బు భార్య పేరున వేస్తే పన్ను తగ్గుతుందని కొందరనుకుంటారు. తగ్గదు. భర్త కానుకగా ఇచ్చిన డబ్బు మీద వచ్చే వడ్డీని పన్ను లెక్కలో ఆయన ఆదాయానికే కలుపుతారు. అయినా ఆ డబ్బు ఆమెది. హక్కు కోసం చేయాలి, పన్ను కోసం కాదు.

ముప్పై ఏళ్ల దుబాయ్ మిగిల్చిందేమిటి?

ఈ వీసాల సంగతి తెలిసినకొద్దీ ఒక విషయం మనసులో ముల్లులా గుచ్చుకుంటుంది. నెలకు వెయ్యి, పన్నెండు వందల దిర్హాములకు ముప్పై ఏళ్లు అక్కడ కట్టడాలు కట్టిన మనిషికి ఆ దేశంలో ముసలితనం గడిపే హక్కు లేదు. పని అయిపోతే అకామా అయిపోతుంది. కొద్ది నెలల్లో బయల్దేరాలి. అక్కడి పింఛను అక్కడి పౌరులకే. మనవాళ్లకు చట్టం ప్రకారం వచ్చేది గ్రాట్యుటీ. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది. కల్లివెల్లి అయి చాటుగా పనిచేసినవాళ్లకు అదీ గగనమే.

అంటే ఆ ఇంటికి మిగిలే స్థిరాదాయం ఏదైనా ఉంటే, అది ఆయన పంపిన డబ్బును ఇక్కడ నిలబెట్టిన తీరు మీదే ఆధారపడి ఉంటుంది. నిలబెట్టింది చాలా ఇళ్లలో ఆమే. అప్పు తీర్చింది, ఇల్లు కట్టించింది, మేస్త్రీతో కొట్లాడింది, బోరు వేయించింది. తీరా పట్టా పాసుబుక్కు చూస్తే మామగారి పేరో, మరిది పేరో!

భర్త గల్ఫ్‌లో ఉన్న ఇల్లాళ్లకు ఒక మాట. ఆయన పంపే డబ్బు మీ సొంత సేవింగ్స్ ఖాతాకే రానివ్వండి. భార్యకు పంపిన డబ్బు మీద పన్ను లేదు. ప్రతి నెలా కొంత మీ పేరున డిపాజిట్ వేయండి. భూమి కొంటే మీ పేరో, ఇద్దరి పేర్లో పెట్టించండి. సాగుభూమి రిజిస్ట్రేషన్ ఇప్పుడు మండల తహసీల్దారు ఆఫీసులోనే అవుతుంది. దూరాభారం అనే సాకు కూడా లేదు.

బయల్దేరే ముందు ఇక్కడి పనులు

సరే, లెక్క సరిపోయింది, వెళ్దామనుకున్నారు. అప్పుడు ముందుగా వచ్చే తలనొప్పి పేర్ల గొడవ. ఆధార్‌లో పుట్టింటి పేరు, పాసుపోర్టులో అత్తింటి పేరు, బ్యాంకులో ముద్దుపేరు. పెళ్లినాటి ఫొటోలే తప్ప పెళ్లి సర్టిఫికెట్ లేదు. పుట్టిన తేదీ "పెద్ద వానలొచ్చిన ఏడు". ఇవన్నీ సరిచేయించడానికే ఆరు నెలలు పడుతుంది. ఆపైన పోలీసు క్లియరెన్సు కావాలి. సర్టిఫికెట్ల మీద విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర కావాలి. యూఏఈకి అపోస్టిల్ చెల్లదు, వాళ్ల రాయబార కార్యాలయం ధ్రువీకరణ వేరే ఉండాలి.

స్థిరపడటానికి దేశం విడిచి వెళ్తే మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వో ఖాతాగా మార్పించుకోవాలి. అది చట్టం. పింఛను, అద్దె, వడ్డీ పన్ను కట్టాక అందులోంచి విదేశానికి పంపుకోవచ్చు. వెళ్లకముందైతే ఇక్కడి నివాసి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఖర్చులకు 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం ముందుగానే పన్ను పట్టుకుంటారు. రిటర్ను వేస్తే ఆ డబ్బు సర్దుబాటవుతుంది. కానీ చేతిలో డబ్బు తగ్గేది వెళ్లే ముందు రోజుల్లోనే. ఆ లెక్కా వేసుకోవాలి.

ఎన్నారైలయ్యాక మడిగె అద్దెకున్న మనిషి అద్దెలోంచి 30 శాతానికి పైగా పన్ను కోసి కట్టాలి. ఎన్నార్వో డిపాజిట్ వడ్డీ మీదా అంతే. అంటే నెలకు చేతికందే సొమ్ము తగ్గుతుంది. రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ ఏడాది ఆగాలి.

ఉన్న పొలం పోతుందని భయపడక్కర్లేదు. ఎన్నారైలు తమ పేరునున్న సాగుభూమిని ఉంచుకోవచ్చు, వారసత్వంగా పొందొచ్చు. కొత్తగా కొనడానికే వీల్లేదు. పింఛనుదారులు ఏటా బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతి ఉంది, విదేశంలోనైతే మన రాయబార కార్యాలయం ఉంది. ఆ నెల మరిస్తే పింఛను ఆగిపోతుంది.

అక్కడ దిగాక...

ఆరోగ్య బీమా లేకుండా వీటిలో చాలా వీసాలు రావు. స్పెయిన్ అన్ని ఖర్చులూ భరించే ప్రైవేటు బీమా అడుగుతుంది. థాయిలాండ్ 2019 నుంచి తన విదేశాల్లో ఇచ్చే రిటైర్మెంటు వీసాకు బీమా తప్పనిసరి చేసింది. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులతో డెబ్బైలోకి అడుగుపెట్టిన మనిషికి బీమా దొరకడమే కష్టం, దొరికినా ప్రీమియం గుండె గుభేలుమనిపిస్తుంది. నెల ఆదాయం సరిపోయిందని సంబరపడినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

ఇక తిరిగి వచ్చి పోవడం. "బతుకమ్మకు వచ్చి, యాసంగి కోతలయ్యాక వెళ్తాం" అంటే కుదరదు. పోర్చుగల్‌లో కార్డున్న కాలంలో వరుసగా ఆరు నెలలు మించి బయట ఉంటే కార్డు పోయే ప్రమాదముంది. యూఏఈలో మామూలు నివాస వీసాలకూ ఆరు నెలలే హద్దు. పోర్చుగల్‌లో ఏడాదిలో సగానికి పైగా ఉంటే అక్కడి పన్ను ఆఫీసూ పలకరిస్తుంది. థాయిలాండ్ 2024 నుంచి, ఏడాదికి 180 రోజులుండేవాళ్లు బయటి నుంచి తెచ్చుకునే ఆదాయం మీదా పన్ను వేస్తోంది.

ఒకటి మాత్రం ఏ కాన్సులేటూ చెప్పదు. రిటైరయ్యేది ఆయన. ఆమెకు మారేది వంటిల్లున్న దేశం మాత్రమే! ఇక్కడైతే అంట్లు తోమే మనిషి వస్తుంది, పక్కింటి వదిన పచ్చిపులుసు గిన్నె అందిస్తుంది, సంఘం మీటింగు ఉంటుంది, కూరగాయల బండి దగ్గర పది మాటలు దొర్లుతాయి. అక్కడ ఉదయం నుంచి రాత్రి దాకా ఇద్దరే. ఆయన పేపరు చదువుతారు, నడకకు వెళ్తారు. ఆమె మళ్లీ మూడు పూటలా వండుతుంది. వెళ్లాలా వద్దా అని ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి కూడా లెక్కలో వేయమనండి. ముందు రెండు మూడు నెలలు విజిట్ మీద వెళ్లి, అద్దె ఇంట్లో ఉండి చూసి, అప్పుడు నిర్ణయించుకోవడం మంచిది. ఇక్కడి ఇల్లు మాత్రం తొందరపడి అమ్మొద్దు.

ఏజెంటు తియ్యటి మాటలు

ఆజాద్ వీసా పేరుతో మోసపోయిన ఇళ్లు మన దగ్గర తక్కువేం లేవు. ఇప్పుడు అదే తియ్యటి గొంతు "యూరప్‌లో పర్మనెంటు" అంటుంది. "బ్యాంకులో బ్యాలెన్సు మేం చూపిస్తాం, మీరు కమీషన్ ఇస్తే చాలు" అంటే అక్కడే లేచి వచ్చేయండి. నాలుగు రోజులు అరువు తెచ్చిన డబ్బు కాగితం దొంగ కాగితమే. పట్టుబడితే వీసా రాకపోవడంతో పోదు, మళ్లీ అడిగే దారి కూడా మూసుకుపోవచ్చు. "ముందు ఈ వీసా మీద వెళ్లండి, అక్కడ ఏదో ఒక పని చూసుకోవచ్చు" అన్నా నమ్మొద్దు. స్పెయిన్, థాయిలాండ్‌లలో అది నేరుగా చట్టవిరుద్ధం.

విదేశాలకు పనికి పంపే ఏజెంటుకు 1983 నాటి వలస చట్టం కింద విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ జాబితా ఈ-మైగ్రేట్‌లో చూడొచ్చు. రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉంది. నివాస వీసాలకైతే ఆ దేశ రాయబార కార్యాలయం చెప్పిందే వేదం. మధ్యలో ఎవరో చెప్పింది కాదు.

ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సినవి

• నెలనెలా వచ్చే ఆదాయంలో బ్యాంకు ద్వారా వచ్చేదెంత? అందులో నా పేరున వచ్చేదెంత?

• దరఖాస్తులో నేను అసలు మనిషినా, వెంట వచ్చే మనిషినా? ఆయన లేకపోతే నా వీసా ఏమవుతుంది?

• డిపాజిట్లు, మడిగెలు, పొలం... ఏది ఎవరి పేరున ఉంది? నామినీ ఎవరు? వీలునామా రాశామా?

• ఆధార్, పాసుపోర్టు, బ్యాంకు మూడింట్లో నా పేరు ఒకేలా ఉందా?

• బీమాకు ఏటా ఎంతవుతుంది? నాకున్న జబ్బులకు అది వర్తిస్తుందా?

• జబ్బు పడితే, ఒంటరినైతే వెనక్కి రావడానికి ఇక్కడ నాకో గది, నా చేతిలో టికెట్టు డబ్బులు ఉన్నాయా?

ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుంటే, నూటికి తొంభై తొమ్మిది మంది పోర్చుగల్ దాకా వెళ్లకపోవచ్చు. ఫర్వాలేదు. పాసుబుక్కులో పేరు ఎక్కడానికి, డిపాజిట్ పద్ధతి మార్పించడానికి, నోటిమాట కౌలును కాగితం మీద పెట్టించడానికి విమానం ఎక్కనక్కర్లేదు. బ్యాంకు, పోస్టాఫీసు, తహసీల్దారు ఆఫీసు తిరిగితే చాలు. రెండు మూడు రోజుల పని. వచ్చే సోమవారం మొదలుపెట్టండి. ఆయన ఊళ్లో ఉంటే వెంట తీసుకెళ్లండి. గల్ఫ్‌లో ఉంటే రాత్రికి ఫోన్ చేసినప్పుడు, పిల్లల చదువు సంగతి అయ్యాక, "పాసుబుక్కు ఎవరి పేరు మీదున్నదో జర చెప్పు" అని అడగండి.